చాయ్ బాగుందన్నాడు

ఫోన్ మోగినప్పుడు అత్తమ్మ పూరీలు వత్తుతోంది, నేను కాలుస్తున్నాను. చేతులకు పిండి అంటి ఉందని ఆమె మోచేత్తో ఫోన్‌ను నా వైపు తోసింది. నేను స్పీకర్ నొక్కి కందిపప్పు డబ్బాకు ఆనించి పెట్టాను.

"ఓంప్రకాశ్ ఇల్లేనా అమ్మా? నేను సేవా క్లబ్ రాజేశ్వర్ రావును. మీ రమ్య రాసిన వ్యాసం ఫైనల్‌కు వచ్చింది. జడ్జీలందరూ దానికే ఎక్కువ మార్కులు వేసిన్రు. వచ్చే ఆదివారం స్టేజీ మీద మాట్లాడాలె. పిల్లను జర మంచిగ తయారుచేయండి."

సరిగ్గా అప్పుడే నూనెలో పూరీ బంతిలా పొంగింది. ఆ రోజుల్లో నాకు అన్నీ శుభశకునాలే. వైశాఖంలో పెళ్లి, ఆషాఢమంతా జనగామలో అమ్మ దగ్గర, శ్రావణం రాగానే మళ్లీ వరంగల్. చైతన్య బండి వెనక కూర్చుని మట్టెవాడ సందులన్నీ తిరగడం, అతను హెల్మెట్‌లో దాచి తెచ్చే మిరపకాయ బజ్జీలు, నా కొత్త మెట్టెలు గచ్చు మీద టకటకమనడం, ఏదైనా సరే నవ్వు తెప్పించేది. ఆడబిడ్డ గెలుపు కూడా సగం నాదే అనిపించింది.

సేవా క్లబ్ వాళ్లు హైస్కూలు పిల్లలకు ఏటా ఈ పోటీ పెడతారట. నీతి, నిజాయితీ, ఇట్లాంటి విషయాల మీద ముందు వ్యాసం రాయాలి. అందులో గెలిచినవాళ్లు అదే వ్యాసాన్ని చూడకుండా వేదిక మీద ఉపన్యాసంగా చెప్పాలి. మాటలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, విషయం మాత్రం మారకూడదు. ఈసారి ఇచ్చిన అంశం 'నిజాయితీ ఇంటి నుంచే మొదలవుతుంది'. మామయ్య ఆ క్లబ్‌లో పాత సభ్యుడు. అందుకే పిల్లల పేర్లు దాచి దిద్దించారు. రమ్య బడిలోనే కూర్చుని రాసి అక్కడే ఇచ్చి వచ్చింది. ఏం రాసిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

డిగ్రీలో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచినదాన్ని కదా, తర్ఫీదు నాదేనని ప్రకటించాను. మామయ్య దుకాణం నుంచి వస్తూ లడ్డూలు తెచ్చాడు. ఎంత మంచి మాట విన్నా మీసం కింద చిన్నగా నవ్వే మనిషి, ఆ రోజు పళ్లు కనిపించేలా నవ్వాడు. అందరి నోళ్లూ తీపి అయ్యాయి గానీ పదో తరగతి చదివే ఆ పిల్ల మాత్రం లడ్డూ చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"సెలెక్ట్ కాదనుకున్న వదినా," అంది మెల్లగా.

"మరి ఎందుకు రాసినవే?"

"ఎవలకో ఒకలకు చెప్పాలె అనిపించింది."

అది వినయం అనుకున్నాను.

ఆ ఇంటి అలవాట్లు కొన్ని నాకు మొదటి నుంచీ ముచ్చటగా ఉండేవి. ఆ ఇంట్లో ఎవరూ తలుపు తట్టరు. మామయ్య బయటి నుంచి వస్తే గడప ముందు నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు. చైతన్య కూడా అంతే. ఒకసారి నేను స్నానాల గది తలుపు మీద సరదాగా దరువు వేస్తే అత్తమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నోరున్నది గద బిడ్డా, పిలువు," అంది. ఇంకొకటి: సాయంత్రం మా బట్టల దుకాణం మూసేటప్పుడు పనివాళ్లంతా వెళ్లిపోయాక మామయ్య లైట్లు ఆర్పి, షట్టర్ సగం దించి, చీకట్లోకి వంగి "లోపల ఎవరన్నా ఉన్నరా?" అని కేకేసేవాడు. కాసేపు ఆగేవాడు. ఆ తర్వాతే తాళం. లోపల ఏ దేవుణ్ని పిలుస్తున్నాడని నేను ఆటపట్టిస్తే చైతన్య నవ్వలేదు. "పాత అలవాటు, వదిలేయ్," అన్నాడు.

ఆ వారంలోనే చిలుకమ్మ వచ్చింది.

వాన పడుతోంది. నెత్తి మీద యూరియా సంచీ కప్పుకుని, చంకలో మూటతో గేటు దగ్గర నిలబడి పిలిచింది. "సేటమ్మా, కొత్త కోడల్ని దాచిపెట్టుకున్నవా, మాకు సూపెట్టవా?"

మామయ్య దుకాణంలో చీరల దగ్గర పనిచేస్తూ పోయిన సారయ్య భార్య అని అత్తమ్మ నాకు చెప్పింది. ఆయన పోయాక ఆమె రంగశాయిపేటలో గది ఖాళీ చేసి, పాలకుర్తి దగ్గరి సొంతూరికి వెళ్లిపోయింది. ఏటా శ్రావణంలో ఒకసారి వచ్చి చూసిపోతుందట. మూట విప్పితే లేత మక్క కంకులు.

"మా చేన్లయే. కాల్చుకొని తినుండ్రి," అంది. తర్వాత నా గదవ పట్టుకుని, "ఏం బిడ్డా, చిన్న సేటు మంచిగ చూసుకుంటాండా? సతాయిస్తే నాకు కబురు పెట్టు. చిన్నప్పుడు నా చంకల పెరిగినోడే, వచ్చి చెవులు పిండుత," అంది.

నాకు ఆమె తెగ నచ్చింది. పక్కనే కూర్చుని కంకుల పీచు తీస్తూ కబుర్లలో పడ్డాను.

"మా ఆయన ఈ దుకాణంలనే ముసలోడైండు. చీరె మడతపెడ్తే ఇస్త్రీ అక్కరలేకపోయేది," అంది చిలుకమ్మ.

"ఆయనకు ఏమైంది పెద్దమ్మా?" అన్నాను.

అత్తమ్మ చేతిలో కంకి ఆగిపోయింది.

"బంద్ దినం బిడ్డా. దుకాణం మూసున్నది. సేటుతోని ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్నడు. చాయ్ తాగిండు, గుండె పట్టుకున్నడు. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది. మా రమ్య పక్కపొంటే ఉన్నది అప్పుడు. గింతంత పోరి. ఆఖరు మాట ఈ బిడ్డకే చెప్పిండు."

రమ్య అప్పుడే బడి నుంచి వచ్చి, తడిసిన సంచీ భుజానే ఉంచుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమన్నడు బిడ్డా? మీ వదినెకు చెప్పు."

రమ్య జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"చాయ్ బాగుందన్నడు," అంది.

"ఇన్నవా? చాయ్ బాగుందన్నడట." చిలుకమ్మ ముఖం వెలిగింది. "మా వాడల పోయినోళ్లు అందరు మూల్గుకుంటనే పోయిన్రు. మా ఆయన నవ్వుకుంట పోయిండు. ఏడుపు వచ్చినప్పుడల్ల గా మాటనే తల్సుకుంట."

మనిషికి అంతకంటే మంచి చావు ఉంటుందా అనుకున్నాను. ఆ మంచిని ఇంకొంచెం పెంచాలని పోటీ సంగతి కూడా నేనే చెప్పేశాను. చిలుకమ్మ రమ్య తడి తలను రెండు చేతులతో నిమిరింది.

"ఆదివారమా? నేను ముందట కూసుంట. మా బిడ్డ మైకుల మాట్లాడుతాంటే నేను ఇనొద్దా?"

"బస్సులు మస్తు రద్దీ ఉంటయి చిలుకమ్మా," అంది అత్తమ్మ.

"ఉండనీ. నిలబడి వస్త."

ఆమె వెళ్లాక అత్తమ్మ ఆ కంకులను కాల్చలేదు. పనిమనిషికి ఇచ్చేసింది.

మర్నాడు వాన తెరిపి ఇచ్చింది. బడి అయ్యాక రమ్యను మేడ మీదికి తీసుకెళ్లి నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టాను. నేను పిట్టగోడ మీద తుండుగుడ్డ పరుచుకుని జడ్జీలా కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఏ వాక్యం దగ్గర ఆగాలో ముందే పాఠం చెప్పాను. సభకు నమస్కారం బాగానే చెప్పింది. తర్వాత గొంతు మారింది.

"మా బజారులో బంద్ రోజున ఒక పద్ధతి ఉంది. మనిషిని లోపల పెట్టి, షట్టర్ దించి, బయట తాళం వేస్తారు. ఊరేగింపు వాళ్లకు తాళం కనిపిస్తుంది. లోపల పని నడుస్తుంది. యజమాని తాళంచెవి జేబులో వేసుకుని ఎదురుగా కూర్చుంటాడు. అందరూ చేస్తారు కాబట్టి అది తప్పని ఎవరికీ తోచదు.

"నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక బంద్ రోజు మా దుకాణంలో సారయ్య తాత పెళ్లివాళ్ల బట్టలు మూటలు కడుతున్నాడు. ఆయన ఫోన్ పెట్టుకునేవాడు కాదు. నేను నాన్నతో ఎదురుగా, సగం తలుపు తెరిచిన చాయ్ హోటల్‌లో బిస్కెట్ తింటున్నాను. ఊరేగింపు వచ్చి మా దుకాణం ముందే ఆగింది. నినాదాల మధ్య షట్టర్ లోపలి నుంచి చప్పుడు వచ్చింది. అరచేత్తో కొట్టిన చప్పుడు. కాసేపాగి మళ్లీ వచ్చింది. నేను నాన్న ముఖం చూశాను. నాన్న ఊరేగింపునే చూస్తున్నాడు. ఆ చప్పుడు ఆయనకు వినపడిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు వినపడింది. నేను బిస్కెట్ తింటూనే ఉన్నాను.

"వాళ్లు వెళ్లిపోయాక నాన్న తాళం తీశాడు. సారయ్య తాత షట్టర్‌కు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. షట్టర్ లేస్తుంటే మెల్లగా పక్కకు ఒరిగాడు.

"ఆయన ఆ రోజు చాయ్ తాగలేదు. ఎవరితోనూ ఏమీ అనలేదు. తాళం సంగతి బయటపడొద్దని పెద్దవాళ్లు చాయ్ హోటల్‌లో పడిపోయాడని చెప్పారు. దవాఖానలో ఆయన భార్య నన్ను దగ్గరికి తీసుకుని, ఆఖరుకు ఏమన్నాడు బిడ్డా అని అడిగింది. నా నోటికి వచ్చింది చెప్పాను. ఆమె ఏటా వచ్చి ఆ మాటను నాతో మళ్లీ చెప్పించుకుంటుంది."

ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలని ఫోన్‌లో పెట్టిన గడియారం ఆపడం నేను మరిచిపోయాను. కింద సందులో ఎవరో ఆటో హారన్ కొడుతున్నారు.

"ఇదంతా నిజమేనా రమ్యా?"

"కథ రాయమనలేదు గద వదినా వాళ్లు."

"మామయ్యకు నిజంగ వినపడలేదంటావా?"

"ఎన్నడూ అడగలే." పిట్టగోడ మీది నాచును గోటితో గీకుతూ అంది. "అడిగితే ఏం చెప్తడో అని అడగలే."

ఆ పూట నుంచి నాకు ఆ ఇల్లు వేరేగా వినిపించడం మొదలైంది. పొద్దున బజారులో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తుంటే ప్రతి దాని వెనకా ఎవరో ఆనుకుని ఉన్నట్టే అనిపించేది. పెనం మీద అట్లకాడ తగిలినా, గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా, ఇంట్లో అందరం ఒకేసారి తలెత్తేవాళ్లం. తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లం. ఇన్నాళ్లూ వాళ్లంతా చేస్తున్న పని అదేనని, ఇప్పుడు నేనూ ఆ లెక్కలో చేరానని అర్థమైంది. నా మెట్టెలు చప్పుడు చేయకుండా మడమల మీద నడవడం నేర్చుకున్నాను.

చైతన్య బజ్జీలు తెచ్చిన సాయంత్రం వంటింట్లో అతన్ని అడిగాను.

"నేనప్పుడు హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ చదువుతాన," అన్నాడు. "నాకు ఏం చెప్పిన్రో అదే తెల్సు." బజ్జీల పొట్లం విప్పి, "వచ్చి చూస్తే నాన్న దుకాణానికి వెనక తలుపు పెట్టిస్తాండు. గోడ పగలగొట్టి మరీ. ఎందుకని అడగలే," అన్నాడు.

"ఈ ఇంట్ల ఎవరూ ఏదీ అడగరా?"

అత్తమ్మ వెనక నిలబడి ఉంది. అంతా విన్నది.

"రమ్యకు జొరం వచ్చిందని చెప్దాం," అంది. "ఆదివారం పంపొద్దు. అయిపోతది."

"వచ్చే ఏడు చిలుకమ్మ రాదా అత్తమ్మా?"

"వస్తే వస్తది. ఆమెకు గా మాటనే బతుకు. అది గుంజుకొని మీరు ఏం ఇస్తరు?" అత్తమ్మ గొంతు పెరగలేదు. "మీ మామయ్య ముఖం చూసినవా ఎన్నడన్న, దుకాణం మూసేటప్పుడు? నేను రోజు చూస్తాన. ఇంకేం శిక్ష వేయాలె ఆ మనిషికి?"

"పేర్లు మార్చి చెప్పొచ్చు గదే," అన్నాడు చైతన్య, గుమ్మంలోకి వచ్చిన రమ్యతో. "ఎవరిదో దుకాణం, ఎవరో ముసలాయన. కథ లెక్క."

"చిలుకమ్మ ముందట కూసుంటది అన్నా," అంది రమ్య. "ఆమెకు తెల్వదా, ఎవరో?"

"అయితే పోవుడే బంద్ చేయ్."

"పోకపోతే వచ్చే శ్రావణం మళ్లీ చెప్పిస్తది. నేను చెప్పాలె. పెండ్లయి పోయినా వచ్చి చెప్పాలె." పిల్ల ఏడవలేదు. ఏడిస్తే ఎవరమైనా దగ్గరికి తీసుకునేవాళ్లం. "నాతోని అయితలేదు."

బజ్జీలు చల్లారిపోయాయి. వాటిని ఎవరూ ముట్టలేదు.

శుక్రవారం సాయంత్రం అతిథులకు కప్పే శాలువాలు ఏరడానికి మామయ్య నన్ను దుకాణానికి పిలిపించాడు. క్లబ్ సభలకు శాలువాలు ఎప్పుడూ మా దుకాణం నుంచే. నాకు అలాంటి పనంటే ప్రాణం. రంగులు ఎంచుతూ ఉంటే కాసేపు అన్నీ మరిచిపోయాను కూడా. అంతలో రాజేశ్వర్ రావు గారు గొడుగు మడుస్తూ లోపలికి వచ్చాడు. తెల్ల లాల్చీ, పెద్ద నవ్వు.

"ఏమయ్యా ఓంప్రకాశ్, నీ బిడ్డ రచయిత్రి అయ్యేటట్టున్నది. ఇంత చిన్న పిల్లకు అంత కల్పన ఎక్కడిదని జడ్జి మేడం కండ్లు తుడుచుకున్నది."

"ఏం రాసిందో మాకు చూపలే సారూ," అన్నాడు మామయ్య, శాలువా మడతపెడుతూ.

"అదేనయ్యా, బంద్ దినం షట్టర్ లోపట ముసలాయనను పెట్టి తాళం వేసుడు. ఆయన లోపలి నుంచి కొడుతాంటే బయట యజమాని…" ఆయన ఆగి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మొత్తం నేనే చెప్తాన. ఆదివారం నువ్వే విను. వచ్చే ఏడు అధ్యక్షుడివి ఎట్లనూ నువ్వే. ఈసారి నీ చేత్తోనే బహుమతి ఇప్పిస్త."

మామయ్య శాలువా మడత విప్పాడు. మళ్లీ మడిచాడు. అంచులు కలవలేదు. మళ్లీ విప్పాడు. రాజేశ్వర్ రావు గారు చాయ్ వద్దంటూ వెళ్లిపోయేదాకా అదే పని. తర్వాత పనివాళ్లను కొంచెం ముందే పంపించేశాడు. లైట్లు ఆర్పి, షట్టర్ సగం దించి వంగాడు.

"లోపల ఎవరన్నా ఉన్నరా?"

ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. లోపల చీరల వాసన, చీకటి. నేను కూడా జవాబు కోసం చెవి ఒగ్గి ఉన్నానని కాసేపటికి గానీ తెలియలేదు.

మామయ్య ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని ముందు గదిలో కుర్చీలో కూర్చున్నాడు.

"రమ్యా. ఆదివారం చెప్పేది ఒకసారి ఇక్కడ చెప్పు బిడ్డా."

"దానికి ఒళ్లు వెచ్చగున్నది," అంది అత్తమ్మ.

"చెప్పనియ్యి సావిత్రీ."

రమ్య నా వైపు చూసింది. నేర్పినదాన్ని నేనే కదా. తలూపాను. ఆమె టీవీ ముందు నిలబడి, చేతులు పక్కకు వేలాడదీసి, సభకు నమస్కారం నుంచి మొదలుపెట్టింది. బజారు పద్ధతి చెప్పింది. తాళంచెవి చెప్పింది. పెళ్లి బట్టలు, బిస్కెట్, ఊరేగింపు. మామయ్య నేల వైపు చూస్తూ వింటున్నాడు, దుకాణంలో బేరగాళ్ల మాట వినేటట్టే.

"…నాన్న ఊరేగింపునే చూస్తున్నాడు. ఆ చప్పుడు ఆయనకు వినపడిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు."

మామయ్య చెయ్యి కొంచెం లేపాడు. రమ్య ఆగిపోయింది.

"వినపడ్డది," అన్నాడు.

అత్తమ్మ వీధి తలుపు దగ్గరికి వేసింది.

"రెండోసారి గూడ వినపడ్డది. వాళ్లు పోనీ అనుకున్న." గొంతు సవరించుకున్నాడు. "ఆ ముక్క మార్చుకో. ముందుకు చెప్పు."

నేను వెళ్లి రమ్య పక్కన నిలబడ్డాను. ఆమె మిగతాది చెప్పింది, మెల్లగా, ఉపన్యాసంలా కాకుండా ఊరికే మనుషులతో చెప్పినట్టు. దవాఖానలో చిలుకమ్మ అడిగిన మాట దగ్గర మామయ్య మొదటిసారి తలెత్తి కూతురిని చూశాడు. ఆ మాట ఆ పిల్ల తనంతట తానే చెప్పిందని ఆయనకు తెలియదట. ఇన్నాళ్లూ తన భార్యే నేర్పిందనుకున్నాడు. అత్తమ్మేమో ఆయనే నేర్పాడనుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు చిన్నపిల్లవు బిడ్డా," అన్నాడాయన. "నీకు ఆ మాటతోని ఏం పని ఉండె. నేను చెప్పాల్సింది చెప్పకపోతే నువ్వు చెప్పినవ్."

"ఆదివారం పోవుడా, వద్దా నాన్నా?" అంది రమ్య.

"పోవాలె. గట్లనే చెప్పాలె. పేర్లు గూడ మార్చకు."

"బజారంత ఉంటది అక్కడ," అన్నాడు చైతన్య. "చిలుకమ్మ ముందట కూసొని ఉంటది. మైకుల వినాల్నా ఆమె?"

"వద్దు." మామయ్య కుర్చీలోంచి లేచాడు. నిలబడ్డాక ఒక చెయ్యి కుర్చీ వీపు మీదే ఉంచాడు. "ఆమెకు మైకుల కాదు, నేను చెప్త. రేపు దుకాణం తెరవం. నేను, రమ్య కలిసి చిలుకమ్మ ఊరికి పోతం."

"నేను గూడ వస్త," అంది అత్తమ్మ. అంతసేపటికి ఆమె కూర్చుంది.

"అందరం కారుల పోదాం. నేను నడుపుత," అన్నాడు చైతన్య.

"కారు వద్దు. కారుల పోతే బేరానికి వచ్చిన్రనుకుంటది." నా వైపు తిరిగాడు. "శ్రీలతా, జర తొందరగ లేపు బిడ్డా అందరిని. పాలకుర్తికి మొదటి బస్సు అందుకోవాలె. పొద్దెక్కితే ఆమె నాట్లకు పోతది."